ఆస్తోర్ జెండా, బిషప్ సీసా

మా కోటలో ఆఖరి కోడిని గురువారం పొద్దున్నే కోశారు. ముట్టడి మొదలై అది ముప్పై రెండో రోజు. అప్పటికి మేమంతా బార్లీ రొట్టెని గోడకేసి కొట్టి, లోపలున్న పురుగులు బయటికి పోయేదాకా మర్యాదగా ఆగి, ఆ తర్వాత తింటున్నాం. పోమని మొండికేసిన పురుగుల్ని కూడా తింటున్నాం. అలాంటి రోజుల్లో ఆ కోడిని ఇనుప ఊచకి గుచ్చి, నూనె రాసి, ఎర్రగా కాల్చి, మొత్తం ఒక్కడికే పెట్టారు. మెడతో సహా.

ఆ ఒక్కడు ఆస్తోర్. దాన్ని వాడికి తినిపించాల్సినవాణ్ణి నేను.

మాది సెయింట్ జాన్ సంఘం. కత్తి పట్టిన సన్యాసులమన్నమాట. పెళ్ళి చేసుకోం, సొంతానికి ఏదీ ఉంచుకోం, పెద్దలు చెప్పింది వింటాం. మూడోది నాకు కొంచెం కష్టం. అందరం అన్నదమ్ములం కాబట్టి పేరు ముందు ఫ్రా అని తగిలిస్తారు. నా పేరు ఫ్రా బెరో. మా నియమాల్లో కత్తి కంటే పాతది ఒకటుంది: మంచమెక్కినవాడు దొర. వాడు బిచ్చగాడైనా సరే, ఓడ కళాసీ అయినా సరే. వంతు వచ్చినరోజు ఎంత గొప్పింటి బిడ్డయినా నడుముకి గుడ్డ చుట్టుకుని, మోకాళ్ళ మీద కూచుని, వెండి పళ్ళెం ముందుపెట్టి, "దొరా, భోంచెయ్యండి" అనాలి. నాకందులో నామోషీ ఏం లేదు. ఎంతమంది బిచ్చగాళ్ళని దొరా అన్నానో లెక్కలేదు. ఒకాయన కృతజ్ఞతగా నా మొహం మీద తుమ్మాడు కూడా.

ఆస్తోర్‌ని దొరా అనడమే గొంతు దాటి రాలేదు.

వాడిదీ నాదీ సముద్రానికి అవతల, ఓవెర్న్ కొండల్లో పక్కపక్క ఊళ్ళు. ఇద్దరికీ ఇరవయ్యేళ్ళు. మూడేళ్ళ కిందట ఇద్దరం ఒకే ఓడలో ఈ దీవికొచ్చాం. ఆ ఓడలో నేను పంతొమ్మిది రోజులు వాంతులు చేసుకున్నాను. వాడు పంతొమ్మిది రోజులూ వాడి వాటా తిని, నా వాటా కూడా తిని, మధ్యమధ్యలో నా తల పట్టుకున్నాడు. గడ్డం వాడికి నాకంటే ఏడాది ముందొచ్చింది. దాన్ని నేను క్షమించాను. గుళ్ళో వాడు పాడితే పావురాళ్ళు వచ్చి కిటికీలో కూచునేవి. నేను పాడితే లేచిపోయేవి. పావురాళ్ళని కూడా క్షమించాను. నేను క్షమించనిది జెండా ఒక్కటే.

సుల్తాను మా దీవి మీదికి అరవై ఓడలు పంపాడు. మా దీవి ఎంతుంటుందంటే, ఆ ఓడలన్నీ ఒకేసారి లంగరేస్తే దీవే కొంచెం ఇటు ఒరిగింది. కోటలో మేం పద్నాలుగు మంది ఫ్రాలం, మూడొందల మంది దీవి జనం, ఒక వైద్యుడు, ఒక గాడిద. మొదటి వారంలోనే ఫిరంగులు తూర్పు గోడకి పెద్ద గండి కొట్టాయి. ఆ గండిలో మా జెండా, అంటే ఎర్రగుడ్డ మీద తెల్ల శిలువ, పట్టుకుని ఒకడు నిలబడాలి. వాడు కత్తి తియ్యకూడదు, అడుగు కదపకూడదు. జెండా నిలబడినంతసేపూ కోటలో ఎవడూ వెనక్కి రాడు. అదీ పద్ధతి. పాత జెండా మనిషి ఫ్రా పోన్స్ రెండో వారంలో పోయాడు, పచ్చి అంజీరపళ్ళు తిని. తర్వాత జెండా నాకే ఇస్తారని అందరూ అనుకున్నారు. అందరూ అంటే నేను.

కోటపెద్ద ఫ్రా హుగోన్ దాన్ని ఆస్తోర్ చేతిలో పెట్టాడు.

ఆ రోజు నేను చప్పట్లు కొట్టాను. అరిచేతులు కందిపోయేలా కొట్టాను. వారం తిరక్కుండా ఫిరంగి గుండు తగిలి లేచిన రాతిముక్క ఆస్తోర్ తొడలో దిగింది. వాడు జెండా వదల్లేదు. కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడంతే. కోటంతా అదే మాట. ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టడానికి కూడా అదే కథ చెప్పేవాళ్ళు. నాకు అన్నం, అదే, పురుగులు సహించేవి కావు.

ఇదీ సంగతి. గురువారం మధ్యాహ్నం నేను పళ్ళెం పట్టుకుని మోకాళ్ళ మీద కూచున్నాను.

"దొరా, భోంచెయ్యండి."

"ఏంటీ? వినపడలా," అన్నాడు ఆస్తోర్, దిండుకి ఆనుకుని.

"దొరా అన్నాను."

"ఒరేయ్ బెరో, ఆ మాట అనేటప్పుడు పళ్ళు కొరుకుతున్నావు. కొంచెం ప్రేమగా అను."

"దొరా, తిని చావండి."

"ఆఁ, ఇప్పుడు ప్రేమ తెలిసింది." వాడు కోడికాలు విరిచి నా వైపు చాపాడు. "ఇది నువ్వు తిను. మొహం చూస్తే ఎండుచేపలా ఉన్నావు."

"రోగి పళ్ళెంలోది మేం ముట్టకూడదు. నియమం."

"నియమం ఇటు చూట్లేదులేరా."

నేను ముట్టలేదు. వాడు మంచివాడు కూడా. అన్నిటికంటే దారుణం అదే. చెడ్డవాడి మీద కుళ్ళుకుంటే మనసుకి ఎంతో కొంత సుఖం ఉంటుంది. వీడి మీద కుళ్ళుకుంటే అది కూడా దక్కలేదు.

బయటికి రాగానే ఫ్రా హుగోన్ ఎదురయ్యాడు. ఆయనకి అరవై ఏళ్ళు, ఒక చెవి ఫిరంగులకిచ్చేశాడు. అందుకని రహస్యాలు కూడా ఓడలకి వినపడేలా చెప్తాడు.

"బెరో! కందకం పూడ్చేస్తున్నారు వాళ్ళు. శనివారం మీద పడతారు. రేపు పొద్దున దమియానోస్ ఆస్తోర్ సీసా చూస్తాడు. లేవొచ్చంటే జెండా వాడిది. వద్దంటే నీది."

"సీసా ఏమంటుందంటారు, పెద్దాయనా?"

"సీసా ఏమంటుందిరా వెధవా? అనేది దమియానోస్!"

దమియానోస్ మా వైద్యుడు, దీవి మనిషి. ఆయనకి రోగి మొహంతో పనిలేదు. రోగులు ఉచ్చపోసిన గాజు సీసాల్ని పొద్దున్నే వరసగా కిటికీ దగ్గరికి తెప్పించుకుని, వెలుగులో తిప్పి చూసి, నాలుక మీద చుక్క వేసుకుని, ఎవడు లేస్తాడో ఎవడు పోతాడో చెప్తాడు. ఆ సీసాలు మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా మోసేది, ఆరోజు సేవలో ఉన్న ఫ్రా. అంటే నేను.

శుక్రవారం పొద్దున ఆస్తోర్ సీసా తీసుకుని వాకిట్లోకొచ్చి ఎండకి ఎత్తి చూశాను. తేనె రంగు. ఒక్క మబ్బు లేదు, ఒక్క నలక లేదు. అది కూడా వాడిది బాగుంది. నా ఒళ్ళు భగ్గుమంది. మొత్తం గోడవారన ఉన్న పుదీనా మడిలో ఒంపేశాను.

వాకిట్లో గాడిద కట్టేసి ఉంది. దాని పేరు బిషప్. అది కిరా ఫొతినిది. ఇక్కడ పెద్దావిడల్ని కిరా అంటాం. దీవి వాళ్ళ గుడి వేరు, మా గుడి వేరు. ఎప్పుడో మా వైపు నుంచి వచ్చిన ఒక బిషప్ ఆమెని లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడట. ఆ ఏడాది పుట్టిన గాడిదపిల్లకి ఆ పేరు పెట్టి, ఇరవయ్యేళ్ళుగా రోజూ కర్రతో సన్మానం చేస్తోంది. ముట్టడిలో గండి పూడ్చడానికి రాళ్ళన్నీ మోసింది ఆ బిషప్పే. దగ్గరికొచ్చిన ప్రతివాణ్ణీ తంతుంది. నన్ను తొమ్మిదిసార్లు తన్నింది. ఆస్తోర్ కనపడితే మాత్రం నడిచి వెళ్ళి, వాడి భుజం మీద తల ఆనించి, కళ్ళు మూసుకునేది. వాడు చెవి వెనక గోకేవాడు. గాడిదల ప్రేమ విషయంలో కూడా నేను రెండోవాణ్ణే.

ఖాళీ సీసా పట్టుకుని దాని వెనక నిలబడ్డాను. ఫిరంగి ఇరవై రెండుసార్లు పేలింది. బిషప్ ఆలోచిస్తోంది. ఇరవై మూడోసారి పేలినప్పుడు నిర్ణయానికొచ్చింది. సీసా నిండింది, నా చెయ్యి కూడా.

"ఏం అబ్బాయ్, మా బిషప్‌కి కూడా సేవ మొదలెట్టారా?"

తలెత్తితే కిరా ఫొతిని, చంకలో గంప.

"మంచమెక్కినవాళ్ళంతా మాకు దొరలేనమ్మా."

"దానికి మంచమెక్కడిదీ?"

"అందుకే నిలబడి చేస్తున్నా."

ఆమె నన్నూ సీసానీ మార్చిమార్చి చూసి, "అన్నంలేక మతిపోయింది పాపం," అని గాడిదని విప్పుకుని పోయింది.

నేను కోరుకున్నది ఎంతంటే, "ఇంకో వారం పడుకోమను" అనే ఒక్క ముక్క. ఆ మాటకి సరిపడా సరుకు పట్టుకెళ్ళాననే అనుకున్నాను. దమియానోస్ సీసా వెలుగులో తిప్పాడు. కనుబొమలు పైకెళ్ళాయి. వాసన చూశాడు. చుక్క నాలుక మీద వేసుకున్నాడు. నేను గోడ మీద వేలాడుతున్న సెయింట్ వైపు తిరిగాను. ఆ సెయింట్ కూడా సీసా వైపే చూస్తున్నాడు పాపం.

"ఎవరిదిది?"

"ఫ్రా ఆస్తోర్‌ది."

"నిన్నటిదాకా బాగున్నాడే!" అని ఇంకోసారి చప్పరించాడు. "అయ్యో. శక్తికి మించి బరువు మోసింది ఈ ఒళ్ళు. నడుము అరిగిపోయింది. లోపల చూడు, గడ్డిపరకల్లాగా తేలుతున్నాయి. ఇది మంచి గుర్తు కాదు నాయనా."

"ఓ వారం పడుకుంటే సర్దుకోదా?"

"వారమా?" ఆయన సీసా కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆదివారం దాటడు."

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను, ఒట్టు. సరిగ్గా అప్పుడే వెనక ఫ్రా హుగోన్ గొంతు. ఆయన బాగున్న చెవి ఇటువైపే ఉంది. టోపీ తీసేశాడు. నా భుజం మీద చెయ్యేసి, మొదటిసారి చిన్న గొంతుతో అన్నాడు:

"జెండా నీది, బెరో."

నోరు మూసుకుపోయింది. ఎవరు మూశారో తెలీదు. దగ్గర్లో ఉన్నది నేనే.

తర్వాత లోపల్లోపల లెక్కలేసుకున్నాను. మంచంలో ఉన్నవాడికి ఏం కాదు. గండిలో ఉన్నవాడికే ఏదైనా అవుతుంది. అంటే నేను వాడి ప్రాణం కాపాడుతున్నట్టే. శనివారం యుద్ధం అయిపోయాక వెళ్ళి చెప్పేస్తే సరి, నవ్వుకుంటాం. ఈ లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, నా మీద నాకే గౌరవం పెరిగింది.

ప్రాణం పోయే ముందు మా వాళ్ళు అన్నీ తిరిగిచ్చెయ్యాలి. కత్తి, అంగీ, చెంచా, అన్నీ సంఘానివే. ఒక్క కోరిక మాత్రం అడగొచ్చు. మధ్యాహ్నం పాదిరి వచ్చాడు, అందరూ మంచం చుట్టూ చేరారు. కొవ్వొత్తి పట్టుకున్నది సేవలో ఉన్న ఫ్రా, అంటే మళ్ళీ నేనే.

"దమియానోస్ గారూ," అన్నాడు ఆస్తోర్, మొహం పాలిపోయి, "నాకు బాగానే ఉందండీ. ఆకలేస్తోంది కూడా."

"అంతే నాయనా. ఆరిపోయేముందు దీపం అలాగే వెలుగుతుంది."

వాడు కత్తి ఇచ్చేశాడు. చెంచా ఇచ్చేటప్పుడు కొంచెంసేపు చూసుకుని ఇచ్చాడు. కొవ్వొత్తి మైనం నా వేళ్ళ మీద కారుతోంది. కారనిచ్చాను.

"ఏదన్నా అడగరా," అన్నాడు ఫ్రా హుగోన్.

"జెండా బెరోకివ్వండి పెద్దాయనా."

"వాడికే ఇచ్చాను."

"అలా కాదు. నేనడిగానని ఇవ్వండి."

"వాడిలో ఏం చూశావురా అంతలా? గాలికి తిరిగే వెధవ."

ఆస్తోర్ నా వైపు చూశాడు. "వాడికి నేనంటే చచ్చేంత కుళ్ళు పెద్దాయనా. ఓడెక్కిన రోజునుంచీ నాకు తెలుసు. నేను మధ్యాహ్నం దాకా నిలబడ్డానని తెలిస్తే, వాడు నామీద కసికొద్దీ సాయంత్రం దాకా నిలబడతాడు. ఇంత పెద్ద గండికి అంత కుళ్ళే కావాలి."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను మూడేళ్ళు దాచుకున్న కుళ్ళు! దాన్ని కూడా వాడు ముందే చూసేసి, మడతపెట్టి, కోటకి కానుకగా ఇచ్చేశాడు. చావబోతూ కూడా నాకంటే బాగా చేస్తున్నాడు. చావట్లేదు కూడా!

శనివారం తెల్లారగానే డప్పులు మొదలయ్యాయి. సుల్తాను మనుషులు పూడ్చిన కందకం మీదుగా వచ్చారు. ఎంతమందంటే, ముందువాళ్ళు గండి ఎక్కేటప్పటికి వెనకవాళ్ళు ఇంకా ఓడల్లో పొద్దుటి ముఖం కడుక్కుంటున్నారు. మా వాళ్ళు రాళ్ళు, మరిగే నీళ్ళు, సున్నం, చేతికందిందల్లా కుమ్మరించారు. దీవి ఆడవాళ్ళు గంపలతో రాళ్ళు అందిస్తున్నారు. అందరికంటే ముందు కిరా ఫొతిని, ఆవిడ వెనక బిషప్.

నేను జెండా పట్టుకుని గండి మధ్యలో నిలబడ్డాను. నాకిరుపక్కలా ఫ్రాలు కొట్లాడుతున్నారు, మధ్యమధ్యలో తలెత్తి నన్ను చూస్తున్నారు. నన్నే. ఒక గంట పాటు నాకు ఈ భూమ్మీద ఎవడిమీదా కుళ్ళు లేదు. వింతగా ఉంది. ఒంట్లో ఏదో ముక్క తీసేసినట్టు తేలిగ్గా, కొంచెం చలిగా.

అప్పుడు వెనక కేకలు లేచాయి. తిరిగి చూశాను.

ఆస్తోర్. రోగుల పొడుగు చొక్కా, కాలికి కట్టు, చంకలో కర్ర. కత్తి ఇచ్చేశాడు కదా, చేతిలో కోడిని కాల్చిన ఇనుప ఊచ.

"మంచంలో పోవడమెందుకూ!" అని అరిచాడు నన్ను దాటుతూ. "ఎలాగూ రేపు పోయేవాణ్ణేగా! బాగా పట్టుకున్నావురా బెరో!"

కుంటుతూ వెళ్ళి మొదటివాడి డాలు మీద ఊచతో ఒక్కటిచ్చాడు. చచ్చిపోతున్న మనిషి చొక్కాతో వచ్చి కొట్టడం చూసి మా వాళ్ళకి వెర్రెక్కింది. "ఆస్తోర్! ఆస్తోర్!" కిరా ఫొతిని కూడా అరుస్తోంది. పది అడుగులు వెనక్కి తగ్గారు సుల్తాను మనుషులు. నా జెండా వైపు ఒక్కడంటే ఒక్కడు చూడట్లేదు. గాలికి అది నా మొహానికే తగులుతోంది.

దాచడమెందుకు? ఆ క్షణంలో నేను, 'పోతే పోనీ' అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను.

మరుక్షణం వాడు గండి దాటి కిందకి దూకేశాడు. ఒక్కడే. వెనకెవడూ లేడు. ఊచ తిప్పుతూ, నవ్వుతూ, వాళ్ళ మధ్యలోకి నడుస్తున్నాడు. రేపు ఉందనుకునేవాడెవడూ అలా నడవడు. ఆ రేపుని తీసేసింది నేను.

"ఆస్తోర్! వెనక్కి రారా!" అరిచాను. "నువ్వు చావట్లేదు!"

"పోరా!"

"ఒట్టు! సీసా మార్చాను! అది నీది కాదు!"

వాడు ఆగి తిరిగాడు. "మరెవరిది?"

"బిషప్‌ది!"

"ఏ బిషప్?"

"గాడిద!"

యుద్ధం మధ్యలో మనిషి అంత నింపాదిగా ఆలోచించడం నేనెప్పుడూ చూళ్ళేదు. వాడి మొహంలో కోపం రాలేదు. ముందు రంగొచ్చింది. తర్వాత ఆ రంగు పోయింది. బతుకుతానని తెలిసేసరికి వాడికి భయమేసింది. చుట్టూ ఎంతమందున్నారో అప్పుడే చూసుకున్నాడు. ఊచ జారిపోయింది. చిన్నపిల్లాడిలా నా వైపు చూశాడు.

జెండా మనిషి కదలకూడదు. మూడేళ్ళ నుంచి కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఎదురుచూసిన కర్ర నా చేతిలో ఉంది. పక్కకి చూస్తే కిరా ఫొతిని.

"అమ్మా, పట్టుకో!"

"నా చేతిలో రాళ్ళున్నాయి అబ్బాయ్!"

"రాళ్ళకంటే తేలిక!"

ఆవిడ గంప దించి జెండా అందుకుంది. నేను దూకాను. నేనక్కడికి చేరేసరికి ఒకడి కత్తి ఆస్తోర్ బాగున్న కాలి మీద పడనే పడింది. నేనేం వీరత్వం చెయ్యలేదు. నా డాలు ఆ కత్తివాడి మొహమ్మీద విసిరేసి, ఆస్తోర్‌ని వీపు మీద వేసుకుని పరిగెత్తాను. రాయిలా ఉన్నాడు. కోడి మొత్తం తిన్నాడుగా.

"గాడిదదా?" అన్నాడు చెవి దగ్గర, మూలుగుతూ.

"నోర్ముయ్. ఊపిరి దాచుకో."

"దమియానోస్ నాలుక మీద కూడా..."

"వేసుకున్నాడు. రెండుసార్లు."

వీపు మీద వాడు ఊగుతున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చూసే తీరిక లేదు.

కిరా ఫొతిని ఆ జెండా పట్టుకుని సాయంత్రం దాకా నిలబడింది. ఉత్తినే నిలబడలేదు. ఎక్కొచ్చిన ప్రతివాణ్ణీ వాడి తల్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టింది. వాళ్ళకి ఆవిడ భాష రాకపోయినా సారాంశం అర్థమైంది. పొద్దువాలేసరికి వాళ్ళు కందకం దాటి వెనక్కి పోయారు. ఆ దెబ్బకి మళ్ళీ ఎక్కలేదు. పదకొండో రోజున గాలి మారగానే లంగర్లెత్తేశారు.

ఆదివారం మధ్యాహ్నం, కోపంకొద్దీ వదిలిన ఒక ఫిరంగి గుండు వాకిట్లో పడింది. బిషప్ పోయింది.

దమియానోస్ పరిగెత్తుకొచ్చి చూశాడు. అప్పటికి ఆయనకి సంగతంతా తెలుసు. "ఆదివారం దాటదన్నానా, లేదా?" అని అందరి మొహాల్లోకీ చూశాడు. ఆ రోజునుంచి ఆయన పేరు దీవంతా మోగిపోయింది.

సోమవారం ఫ్రా హుగోన్ అందర్నీ ఆస్తోర్ మంచం దగ్గరే కూచోబెట్టాడు. నన్ను నడుముకి తాడు కట్టి మోకాళ్ళ మీద నిలబెట్టారు.

"జెండా వదిలి కదిలాడు," అన్నాడాయన. "దానికి అంగీ ఊడదీసి తరిమెయ్యొచ్చు. దానికంటే పెద్దది ఇంకోటుంది. మంచమెక్కిన దొరని మోసం చేశాడు. అది ఈ సంఘంలో ఇంతవరకూ ఎవడూ చెయ్యలేదు. దానికి శిక్ష ఏంటో రాసిపెట్టాలన్న ఆలోచన కూడా ఎవడికీ రాలేదు. అందుకని దొరనే అడుగుతున్నా. ఆస్తోర్ దొరా, వీణ్ణేం చెయ్యమంటారు?"

రెండు రోజుల నుంచి వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండు కాళ్ళూ కట్లలో ఉన్నాయి. ఒకటి ఇక సరిగా వంగదని దమియానోస్ చెప్పాడు, ఈసారి కాలే చూసి. వాడు పైకప్పు దూలాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. నాకు నా అంగీ మీద తెల్ల శిలువ కనపడుతోంది. ఇంకెంతసేపు ఉంటుందో అని చూసుకుంటున్నాను. ఇంటికెళ్ళి మా నాన్నకి ఏమని చెప్పాలి? గాడిద అని మొదలుపెట్టాలా, కోడి అని మొదలుపెట్టాలా?

"బిషప్ పోయింది కదా," అన్నాడు చివరికి. "గండి పూడ్చడానికి రాళ్ళెవరు మోస్తారు?"

ఎవరికీ అర్థం కాలేదు. కిరా ఫొతినికి అయింది. గుమ్మం దగ్గర్నుంచి నా నడుం, భుజాలు, కాళ్ళు పరీక్షగా చూసింది. పళ్ళు చూడ్డం ఒక్కటే తక్కువ.

"సన్నగా ఉన్నాడు," అంది. "సర్లెండి, పంపించండి."

నలభై రోజులు. నేలమీద కూచుని రొట్టె, నీళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీపు మీద రాళ్ళు. గండి పూడేదాకా జెండా దాన్ని నిలబెట్టినవాళ్ళ దగ్గరే ఉండాలని ఫ్రా హుగోన్ తీర్పిచ్చాడు. కాబట్టి ముందు కిరా ఫొతిని, ఒక చేతిలో జెండా, ఇంకో చేతిలో బిషప్‌ని సన్మానించిన కర్ర. వెనక నేను. జనం దండాలు పెడతారు. నాక్కాదు.

"నడువు, నడువు! మా బిషప్ అయితే ఈపాటికి నాలుగుసార్లు తిరిగొచ్చేది."

"దానికి నాలుగు కాళ్ళమ్మా."

"దానికి బుద్ధి కూడా ఉండేది. గోడవారగా నీడలో నడిచేది. ఏం కాళ్ళు! ఏం చెవులు! అలాంటి ప్రాణి మళ్ళీ పుట్టదు."

ఇరవయ్యేళ్ళు కొట్టింది దాన్ని. ఇప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటోంది. దారిలో ప్రతివాడూ అదే మాట: బిషప్ ఇంకో రెండు రాళ్ళు ఎక్కువ మోసేది, బిషప్ ఆయాసపడేది కాదు. తొమ్మిదిసార్లు నన్ను తన్నిన గాడిద. చచ్చిపోయిన గాడిద. దాన్ని తల్చుకుంటే నాకు కడుపు రగిలిపోయేది.

ముప్పయ్యో రోజున ఆస్తోర్ కర్రల మీద వాకిట్లోకొచ్చాడు. బిషప్‌ని కట్టేసే రాటకి ఆనుకుని నిలబడ్డాడు. నేను రాళ్ళు దించి వాడి పక్కన నిలబడ్డాను. నాకు తెలీకుండానే నా తల వాడి భుజం మీద ఒరిగింది. తియ్యాలనుకున్నాను. ఓపిక లేదు.

వాడు చెయ్యెత్తి నా చెవి వెనక గోకాడు.

"ఎన్నిసార్లు తిరిగావురా ఇవాళ?"

"మూడు."

"బిషప్ అయితే..."

"తెలుసు."

వాడు గోకుతూనే ఉన్నాడు. బాగుంది. ఆ గాడిద ఎందుకు కళ్ళు మూసుకునేదో అప్పుడర్థమైంది. ఈ మూడేళ్ళలో అంత సుఖం అది ఎన్నిసార్లు పడిందో అని ఒక్కసారి లెక్కేసుకున్నాను. మళ్ళీ కడుపులో కొంచెం మండింది.